గ్రామ సంఘం మీటింగులో అరుపులు మొదలైతే అధ్యక్షురాలు నిబ్బరంగా ఎలా నడపాలి?

నాగావళి_గట్టు అడిగారు:

అందరికీ నమస్కారం. మాది శ్రీకాకుళం జిల్లా, పొందూరు వైపు. మా గ్రామ సంఘం కింద 22 పొదుపు సంఘాలున్నాయి. సంఘానికి ఇద్దరు చొప్పున 44 మంది రావాలి, 30 మంది దాకా వస్తారు. కొత్త పాలకవర్గానికి రెండు నెలలయింది, అధ్యక్షురాలి బాధ్యత నాది. మూడు సంఘాల బ్యాంకు కిస్తీలు ఆగిపోయాయి. ఆ మాట ఎత్తగానే "ఏటప్పా, నువ్వొచ్చినకాడ్నించీ అన్నీ లెక్కలేటి?" అని ఒకరు అందుకుంటారు, వెనకాల నలుగురు. అప్పుడు చెవులు వేడెక్కిపోతాయి, గొంతు వణుకుతుంది, చెప్పాలనుకున్నది గుర్తుకు రాదు. గొంతు పెంచితే గయ్యాళి అంటారు, తగ్గిస్తే దీనికి చేతకాదంటారు.

"ఓపిక పట్టు" అన్న సలహా ఇప్పటికే చాలామంది ఇచ్చారు. చేయగల పనులు చెప్పండి. ఆ క్షణంలో ఏం చెయ్యాలి, ముందు నుంచీ ఏం ఆలోచించి పెట్టుకోవాలి, ఆ మూడు సంఘాల సంగతి ఏ వరసలో తేల్చాలి?

---

పద్దు_పుస్తకం:

అమ్మా, మీరు అడిగిన మూడూ ఒకే పని. మీటింగులో నిబ్బరం కావాలంటే ఆ పని రెండు రోజుల ముందే, పుస్తకాల దగ్గర మొదలవ్వాలి. లెక్క మీ నోటి చివర లేకపోతే ఎదుటివాళ్లు ఏ అంకె చెప్పినా లోపల గుండె దడదడలాడుతుంది. భయానికి సగం కారణం అదే.

మీటింగుకి రెండు రోజుల ముందు విఓఏని (గ్రామ సంఘం పుస్తకాలు రాసే సహాయకురాలు), కోశాధికారిని కూర్చోబెట్టండి. గంట చాలు. ఆ మూడు సంఘాలకూ విడివిడిగా ఒక్కో కాగితం మీద ఇవి రాయించండి: నెల కిస్తీ ఎంత, చివరగా కట్టిన తేదీ, ఎంతమంది సభ్యులు కడుతున్నారు, ఎవరు ఆపారు, ఆపినవాళ్ల పొదుపు ఎంత ఉంది. సంఘం మొత్తం ఎగ్గొట్టడం చాలా అరుదు. పది మందిలో ఇద్దరు ఆపుతారు, మిగతా ఎనిమిది మంది కట్టింది కూడా కిస్తీకి సరిపోక ఖాతా బకాయిలో పడుతుంది. నెలకు మనిషికి 1,800 అనుకుంటే సంఘం కిస్తీ 18,000. ఇద్దరు ఆపితే జమయ్యేది 14,400, లోటు 3,600. మీటింగులో "మీ సంఘం డిఫాల్టు" అన్నారంటే ఆ ఎనిమిది మంది కూడా మీకు ఎదురు తిరుగుతారు. "ఎనిమిది మంది ఒక్క నెల కూడా తప్పలేదు, లోటు 3,600" అంటే ఆ ఎనిమిది మందీ మీ పక్కకొస్తారు. రెండూ ఒకే లెక్క, చెప్పడంలోనే తేడా.

తర్వాత పని: మీటింగుకి ముందు రోజు కొందరి ఇళ్లకు వెళ్లండి. ఫోన్ చెయ్యొద్దు, వెళ్లండి. ఎక్కువ గోల చేసే ఆవిడ ఇంటికి ఒకసారి, బకాయి పడ్డ సంఘాల లీడర్ల ఇళ్లకు ఒకసారి, అందరూ మాట వినే పెద్దావిడ ఇంటికి ఒకసారి. ఒప్పించడానికి కాదు, వినడానికి. "రేపు ఈ సంగతి వస్తుంది పిన్నీ, నీకు ఇబ్బందేదైనా ఉంటే ఇప్పుడే చెప్పు" అంటే చాలు. నలుగురిలో విని ఉలిక్కిపడ్డ మనిషి అరుస్తుంది, ముందే తెలిసిన మనిషి మాట్లాడుతుంది. అందరి ముందు తల వంచాల్సి రావడం ఎవరూ భరించలేరు. ఎక్కువ గొడవలకు మూలం డబ్బు కన్నా అదే.

ఈ ఇంటికెళ్లడం ఎక్కడ దెబ్బతింటుందంటే, ఒక్క వర్గం వాళ్ల ఇళ్లకే వెళ్తే. రెండో వీధి వాళ్లు అది చూస్తారు. ఆ ఇళ్లు నాలుగు వైపులవీ ఉండాలి.

ఎజెండాలో బకాయి విషయం మొదట పెట్టండి. చివర పెడితే మీటింగంతా దాని గురించే గుండె బరువు, పైగా అప్పటికి సగం మంది లేచి వెళ్లిపోతారు, కోరం (తీర్మానానికి కావాల్సిన కనీస హాజరు) పోతుంది. కోరం ఎంతో మీ బైలాలో (సంఘం నియమావళిలో) చూసుకుని, ఆ అంకె తీర్మానాల పుస్తకం మొదటి పేజీలో రాసి పెట్టుకోండి. కోరం లేకుండా చేసిన తీర్మానాన్ని రేపు ఎవరైనా కొట్టిపారేయొచ్చు.

---

జామి_రోడ్డు:

నేను ఆ క్షణం గురించే రాస్తాను, మిగతాది పై అన్నగారో అక్కగారో బాగా చెప్పారు.

చెవులు వేడెక్కడం, గొంతు వణకడం పిరికితనం కాదండి. ఎవరైనా మీద పడుతున్నారని అనిపించగానే ఒంట్లో అడ్రినలిన్ విడుదలవుతుంది, గుండె వేగం పెరుగుతుంది, మెడ కండరాలు బిగుస్తాయి. బిగిసిన గొంతులోంచి మాట సన్నగా, పైకి వస్తుంది. "వద్దు" అనుకుంటే అది ఆగదు. ఆపగలిగే తాడు ఒక్కటే మన చేతిలో ఉంది, ఊపిరి. ఊపిరి వదిలేటప్పుడు గుండె కాస్త నెమ్మదిస్తుంది, అందుకే పీల్చడం కన్నా వదలడం ఎక్కువసేపు ఉండాలి. ముక్కుతో నాలుగు లెక్కపెడుతూ పీల్చి, ఆరు లెక్కపెడుతూ వదలండి. ఆరుసార్లు చేస్తే నిమిషం.

చాలామంది ఇక్కడే తప్పు చేస్తారు. గొడవ మొదలయ్యాక పెద్దగా ఊపిరి పీలుస్తారు. అది చూసేవాళ్లకు విసుక్కున్నట్టు, ఉసూరుమన్నట్టు కనబడుతుంది, ఇంకా రెచ్చిపోతారు. గబగబా బలంగా పీలిస్తే తల తిరుగుతుంది, వేళ్లు తిమ్మిరెక్కుతాయి. ఊపిరి నెమ్మదిగా, బయటికి తెలియకుండా ఉండాలి. బాగా పని చేసే సమయం హాజరు తీసుకునేటప్పుడు. కార్యదర్శి పేర్లు చదువుతుంటే మీరు చాప మీద మఠం వేసుకుని, అరచేతులు మోకాళ్ల మీద బోర్లించి, ఈ నిమిషం పూర్తి చెయ్యండి. 22 సంఘాల పేర్లు చదవడానికి మూడు నాలుగు నిమిషాలు పడుతుంది, అదంతా మీదే. ఇంట్లో రోజూ పొద్దున్న పొయ్యి దగ్గర ఐదారుసార్లు అలవాటు చేసుకుంటేనే మీటింగులో వస్తుంది. అక్కడే మొదటిసారి చేస్తే రాదు.

కూర్చునే చోటు కూడా ముఖ్యం. గోల చేసే మనిషిని ఎదురుగా కూర్చోబెడితే చూపులు కలుస్తాయి, మాట మాటకీ మంట రేగుతుంది. "ఇలా రా వదినా, నా పక్కన కూర్చో, కాగితం ఇద్దరం చూద్దాం" అని పక్కకు పిలవండి. పక్కనున్న మనిషి మీద అరవడం కష్టం, ఇద్దరి కళ్లూ ఒకే పుస్తకం మీద ఉంటాయి. కుడి పక్క కోశాధికారి లెడ్జర్‌తో ఉండాలి.

మాట విషయానికొస్తే, గొంతు పెంచడానికీ తగ్గించడానికీ మధ్య మూడో దారి ఉంది: వేగం తగ్గించడం. గొంతు అదే ఉంచి, ఒక్కో వాక్యం తర్వాత ఒక గుక్క ఆగండి. మామూలు రోజుల్లో ఈ మూడు వాక్యాలు బిగ్గరగా అనుకుని నోటికి పట్టించుకోండి. కొత్త మాట వెతుక్కోవాల్సిన పని ఉండదు:

"నీ మాట రాసుకుంటున్నాను పిన్నీ." (అని నిజంగా రాయండి, ఆవిడకు కనబడేలా.)

"అది ఐదో అంశం. దాని వంతు వచ్చినప్పుడు నువ్వే మొదలెట్టు."

"దీనికి ఇప్పుడే జవాబు చెప్పను. 12వ తేదీన పుస్తకం చూసి, ఇక్కడే చెప్తాను."

మూడోదానిలో తేదీ లేకపోతే అది తప్పించుకోవడమే. తేదీ చెప్పి, ఆ తేదీకి నిజంగా చెబితే, రెండు మూడు మీటింగుల్లో మీ మాటకు విలువ వస్తుంది. ఆ తర్వాత అరిచేవాళ్లు వాళ్లంతట వాళ్లే తగ్గుతారు.

కన్నీళ్లొచ్చేలా ఉంటే సిగ్గుపడకండి. గ్లాసెడు నీళ్లు దగ్గరుంచుకుని చిన్న గుక్కలు తాగండి, మింగేటప్పుడు గొంతు బిగువు సడలుతుంది. కార్యదర్శికి ముందే చెప్పి ఉంచండి: "నేను పెన్ను కింద పెడితే నువ్వు పోయిన నెల తీర్మానాలు చదవడం మొదలెట్టు" అని. రెండు నిమిషాలు దొరుకుతాయి.

ఇంకో చిన్న సంగతి, ఎవరూ పట్టించుకోరు. పొలం పని నుంచి వచ్చి, మధ్యాహ్నం అన్నం సరిగా తినకుండా, మూడింటి ఎండలో రేకుల షెడ్డు కింద మీటింగు పెడితే దేవతకైనా కోపం వస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో పొద్దున్న ఎనిమిదికో సాయంత్రం ఐదుకో మార్చండి. గంటన్నర దాటనివ్వకండి.

---

ఉద్దానం_నీడ:

ఒక్క విషయంలో పద్దు_పుస్తకం గారితో ఏకీభవించను. బకాయి అంశం మొదట పెట్టకూడదు. మన ఊళ్లలో మీటింగు మూడింటికి అంటే సగం మంది మూడూ ఇరవైకి వస్తారు. మొదటి అంశం అయిపోయాక వచ్చినవాళ్లు "నేను లేనప్పుడు నా సంఘం పేరెత్తారా" అని మళ్లీ మొదటికి తెస్తారు. ఒకే పంచాయితీ రెండుసార్లు. హాజరు, పోయిన నెల తీర్మానాల అమలు, ఆ తర్వాత అందరూ తేలిగ్గా ఒప్పుకునే చిన్న అంశం ఒకటి, ఆ తర్వాత బకాయిలు, వెంటనే టీ. టీ ఆ అంశం తర్వాతే రావాలి. వేడిగా మాట్లాడుకున్నవాళ్లు గ్లాసులు పట్టుకుని పక్కపక్కన నిలబడతారు, మనసులు కాస్త కుదుటపడతాయి. లేకపోతే ఆ వేడితోనే ఇంటికెళ్లి వీధరుగు మీద రెండో మీటింగు పెడతారు.

ఇక మూడు సంఘాల వరస. ఎవరు ఎక్కువ బాకీ ఉన్నారని చూడకండి, ఎవరి గడువు ముందు ముగుస్తుందో చూడండి. బ్యాంకుల లెక్కలో బకాయి 90 రోజులు దాటితే ఖాతా ఎన్‌పీఏ (మొండి బాకీ) కిందకు వెళ్తుంది. ఒకసారి వెళ్తే ఆ సంఘానికి తర్వాతి లింకేజీ అప్పు (పొదుపు సంఘాలకు బ్యాంకు ఇచ్చే అప్పు) దొరకడం కష్టం, సకాలంలో కట్టినవాళ్లకు వచ్చే వడ్డీ రాయితీ కూడా పోతుంది. ఉదాహరణకి జూన్ 5న కట్టాల్సిన కిస్తీ ఆగిందనుకోండి. సెప్టెంబరు 3కి 90 రోజులు. మూడో కిస్తీ తప్పే ఆగస్టు 5 నాటికే 61 రోజులు అయిపోతాయి. అంటే ఆగస్టు మీటింగులో మొదలెడితే ఆలస్యం, జూలైలోనే కదలాలి. మూడు సంఘాలకూ ఈ 90వ రోజు తేదీ ఎర్ర పెన్నుతో రాసి, ముందొచ్చే దాని దగ్గర మొదలెట్టండి. మూడింటినీ ఒకే మీటింగులో ఎత్తితే ముగ్గురూ ఒకటైపోతారు.

ఇప్పుడు అసలు ఆలోచించాల్సింది. ఆపిన మనిషి కట్టలేకపోతోందా, కట్టడం లేదా? ఈ రెండూ ఒక్కటిగా చూసే అధ్యక్షురాలిని ఊరు నమ్మదు. మన జిల్లాల్లో డబ్బు నెలనెలా సమానంగా రాదు, కిస్తీ మాత్రం నెలనెలా సమానంగా పడుతుంది. వరి రైతుకి కోత, నూర్పు అయి ధాన్యం డబ్బు పడేదాకా చేతిలో ఏమీ ఉండదు. విజయనగరం వైపు గోగు కోసి, నానబెట్టి, నార తీసి అమ్మేదాకా అంతే. తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరపడవల వేట నిషేధం, ఆ రెండు నెలలూ ఆ ఇళ్ల కిస్తీ కష్టమే. మా ఉద్దానంలో 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పడగొట్టిన కొబ్బరి, జీడి తోటలు మళ్లీ కాపుకొచ్చేసరికి ఏళ్లు పట్టాయి. అలాంటి ఇంటి మీద గొంతు పెంచితే మాట వృథా, మనిషి దూరం. విశాఖ, చెన్నై వలసపోయినవాళ్లది వేరే సంగతి. అక్కడ కూలి డబ్బు వస్తూ ఉంటుంది కానీ కట్టే చెయ్యి ఊళ్లో ఉండదు. పుస్తకంలో ఇంకో ఫోన్ నంబరు, ఊళ్లో కట్టే బంధువు పేరు రాసి ఉంటే సగం తీరుతుంది.

అందుకే ఒక పెద్ద చార్టు కాగితం తీసుకుని 12 నెలల గళ్లు గీయండి. ఏ నెలలో ఊళ్లోకి ఏ డబ్బు వస్తుంది, ఏ నెలలో పోతుంది (విత్తనాలు, ఎరువులు, జూన్‌లో స్కూలు ఖర్చులు, గ్రామదేవత పండగ, విజయనగరం చుట్టుపక్కలైతే దసరా తర్వాత మంగళవారం పైడితల్లి సిరిమాను, సంక్రాంతి) రాయండి. ఆ కాగితం ఒక్కటి ఉంటే "ఎందుకు కట్టలేదు" అనే ప్రశ్న "ఏ నెలలో ఎంత కట్టగలవు" అనే ప్రశ్నగా మారిపోతుంది. గొడవ సగం అక్కడే ఆగుతుంది.

ఆ ఇద్దరు మూడు నెలలు ఆపారంటే ఒక్కొక్కరు 5,400 బాకీ. దాన్ని ఆరు నెలలకు పంచితే నెలకు 900 అదనం, మామూలు 1,800తో కలిపి 2,700. ఈలోపు ఆ మూడు నెలల లోటు 10,800 ఎక్కడి నుంచి వస్తుందో కూడా అదే రోజు తేల్చాలి. సంఘం పొదుపులోంచి సర్దుతారా, ఎనిమిది మంది తలా 1,350 వేసుకుంటారా అన్నది ఆ సంఘమే తన పుస్తకంలో తీర్మానం చేసుకోవాలి, మీరు ఆజ్ఞ ఇవ్వకూడదు. మీరు చెబితే రేపు ఆ డబ్బు మీరు తిన్నారంటారు. ఇంకోటి, వారం వారం వసూలుకొచ్చే ప్రైవేటు ఫైనాన్సు అప్పు ఆ ఇంట్లో ఉందేమో నెమ్మదిగా కనుక్కోండి. గుమ్మంలో కూర్చునేవాడికి ముందు కట్టి, సంఘం కిస్తీ వెనక్కి నెట్టడం చాలా ఇళ్లలో జరిగేదే. అది బయటపడకుండా వేసిన ఏ కిస్తీ పట్టికా రెండు నెలలు నిలవదు. ఇది నలుగురిలో అడిగే మాట కాదు, గుర్తుంచుకోండి.

---

నాగావళి_గట్టు:

చాలా చాలా ధన్యవాదాలు. 90 రోజుల తేదీలు ఇవాళే రాసుకున్నాను, ఒక సంఘానికి ఇంకా 24 రోజులే ఉంది. ఇంకో రెండు అడగాలి. పాత పాలకవర్గంలో కోశాధికారి డబ్బు వాడుకుందని మీటింగులో ఒకావిడ అరిచింది, ఆ కోశాధికారేమో ఏడ్చింది, ఏమనాలో తెలియలేదు. రెండోది, బ్యాంకులో సంతకాలు ఇంకా పాతవాళ్లవే ఉన్నాయి, ఎస్సెమ్మెస్‌లు కూడా ఎవరి ఫోనుకో వెళ్తున్నాయి. పైగా వాట్సాప్ గ్రూపులో రాత్రి పదింటికి మొదలవుతుంది.

---

చంపావతి:

రెండో దానితో మొదలెడతానండి, అది ఇవాళ్టి పని. రేపటిదాకా ఆపకండి.

సంతకాలు మారేదాకా బ్యాంకు దృష్టిలో ఆ ఖాతా పాతవాళ్ల చేతిలోనే ఉన్నట్టు. కొత్త ఆఫీసు బేరర్లను ఎన్నుకున్న తీర్మానం నకలు, సంతకం పెట్టబోయేవాళ్ల ఫొటోలు, ఆధార్, పాన్ ఉంటే పాన్ తీసుకుని సీసీతో (సంఘాలను చూసుకునే క్షేత్ర ఉద్యోగి) కలిసి బ్రాంచికి వెళ్లండి. అదే రోజు ఎస్సెమ్మెస్ నంబరు మార్పుకి వేరే కాగితం ఇవ్వండి. రెండూ ఒకే దరఖాస్తులో రాస్తే సంతకాలు మారి నంబరు మారకుండా మిగిలిపోతుంది. పాత చెక్కు పుస్తకంలో మిగిలిన చెక్కుల నంబర్లు రాసుకుని, రాతపూర్వకంగా అప్పగింత తీసుకోండి. సంతకం పెట్టేసిన ఖాళీ చెక్కు ఒక్కటి దొరికినా అడ్డంగా గీత కొట్టి "రద్దు" అని రాయించండి. "మాటిమాటికీ రావడం ఎందుకు, నాలుగు చెక్కుల మీద సంతకం పెట్టి ఉంచు తల్లీ" అని ఎవరన్నా, అది విఓఏ అయినా, సొంత ఇంటాయన అయినా, కుదరదనండి. మొత్తం అంకెల్లో, అక్షరాల్లో రాశాకే, ఎదురుగా వోచరు చూశాకే సంతకం. ఆడవాళ్ల పదవి మగవాళ్ల చేతిలోకి జారిపోయేది మీటింగులో కాదు, ఈ ఖాళీ చెక్కు దగ్గరే. ఇంటాయన బండి మీద దించితే మంచిదే. చాప మీద పక్కన కూర్చుంటే మాత్రం ఆ రోజు నుంచి అందరూ ఆయన ముఖం చూసి మాట్లాడతారు.

ఇక డబ్బు తిన్నారన్న మాట. ఇక్కడ నిబ్బరం అంటే అటూ ఇటూ ఒక్క మాట కూడా తేలకుండా ఉండటం. "ఆవిడ అలాంటిది కాదు" అంటే కాపాడినట్టు, "చూద్దాం, తేలుస్తాం" అని గట్టిగా అంటే దొంగ అని ఒప్పుకున్నట్టు. "ఆరోపణ రాసుకున్నాం. పుస్తకం, బ్యాంకు కాగితం పోల్చి చూస్తాం. అప్పటిదాకా ఎవరి పేరూ ఈ చాప మీద వద్దు" అని తేదీ చెప్పి తర్వాతి అంశానికి వెళ్లిపోండి.

పోల్చడం ఎలాగంటే, బ్యాంకు నుంచి పన్నెండు నెలల స్టేట్‌మెంటు తీసుకోండి. ఎదురుగా క్యాష్ బుక్ పెట్టుకుని ఒక్కో పంక్తికీ పెన్సిలుతో టిక్కు పెట్టండి. డ్రా చేసిన ప్రతి మొత్తానికీ అదే రోజో మర్నాడో పుస్తకంలో ఖర్చు, దానికి వోచరు, వోచరు మీద తీసుకున్న మనిషి సంతకమో వేలిముద్రో ఉండాలి. తర్వాత వెనక్కి చూడండి: సంఘాలకిచ్చిన రసీదు పుస్తకాల కార్బన్ కాపీల్లో ఉన్న జమలు బ్యాంకులో పడ్డాయా? తప్పు ఎక్కువగా దొరికేది ఇక్కడే. పడ్డాయి కానీ పది పదిహేను రోజులు ఆలస్యంగా పడితే అది వాడుకుని తిరిగి కట్టడమై ఉండొచ్చు, బస్సు దొరక్క బ్యాంకుకి వెళ్లకపోవడమూ అయి ఉండొచ్చు. ఒక్కసారైతే వివరణ అడగండి, ప్రతి నెలా అదే తీరైతే పద్ధతి మార్చండి. చేతిలో నగదు ఎంతవరకు ఉంచుకోవచ్చో తీర్మానం చేసి, దాటితే మర్నాడే బ్యాంకులో కట్టాలని రాయండి. టిక్కు పడని పంక్తులు మాత్రమే ఒక కాగితం మీదకు ఎక్కించి, పాత కోశాధికారికి ఇచ్చి, వారంలో రాతపూర్వకంగా చెప్పమనండి. నోటితో అడగకండి. నోటితో అడిగితే ఏడుస్తారు, రాసి అడిగితే వెతుకుతారు. తేలని అంకె మిగిలితే ఆ కాగితం ఏపీఎంకి (సంఘాలను చూసే మండల స్థాయి అధికారి) రాతపూర్వకంగా, అందినట్టు సంతకంతో. మీ సంఘం 1995 మ్యాక్స్ (పరస్పర సహాయ సహకార సంఘాల) చట్టం కింద రిజిస్టరయి ఉంటే ఏటా ఆడిట్ జరగాలి, పోయిన ఏడాది ఆడిట్ రిపోర్టు తెప్పించుకుంటే సగం ప్రశ్నలకు అక్కడే జవాబు దొరకొచ్చు.

ఈ పోల్చే పనికి మీరొక్కరూ కూర్చోకండి. శ్రీకాకుళం, విజయనగరం రెండూ 2000లో వెలుగు (పేదరిక నిర్మూలన పథకం) మొదలైన ఆరు జిల్లాల్లోవి. పాతికేళ్లుగా పొదుపు పుస్తకం తిరగేసిన పెద్దవాళ్లు ప్రతి ఊళ్లో ఉంటారు. చదువు తక్కువైనా ఏ గడిలో ఏ అంకె ఉండాలో వాళ్లకు చూడగానే తెలుస్తుంది. రెండు వైపుల వాళ్లూ ఒప్పుకునే అలాంటి ముగ్గురిని ఉపసంఘంగా వేసి, వాళ్ల చేత సంతకం పెట్టించండి. ఆ ముగ్గురిలో మీ దగ్గరి చుట్టం ఒక్కరున్నా మొత్తం శ్రమ బూడిదే.

వాట్సాప్ గురించి ఎక్కువ చెప్పను. రాత్రి ఎనిమిది దాటాక గ్రూపులో లెక్కల మాటకి జవాబు ఇవ్వకండి. పొద్దున్న ఒక్క వాక్యం: "పుస్తకం బుధవారం మూడింటికి సంఘం ఆఫీసులో తెరిచి ఉంటుంది, ఎవరైనా వచ్చి చూడొచ్చు." ఒకరిద్దరు వస్తారు, వాళ్లకు నిజంగా చూపించండి. అక్కడ చూసినవాళ్లే గ్రూపులో మీ తరఫున రాస్తారు. రాజకీయ నాయకులు ఫోన్ చేసి ఫలానా సంఘానికి అప్పు ముందివ్వమన్నా అదే తీరు. ఫోనులో అవుననీ కాదనీ అనకండి. "కమిటీలో పెడతానండీ" అని, నిజంగానే పెట్టండి.

---

పద్దు_పుస్తకం:

ఉద్దానం_నీడ గారి మాట ఒప్పుకుంటున్నాను, ఆలస్యంగా వచ్చేవాళ్ల సంగతి ఆలోచించలేదు. చిన్న అంశం ఒకటి అయ్యాక పెట్టడమే మేలు.

24 రోజులున్న సంఘం గురించి ఆత్రపడి అందరికీ ఫోన్లు చెయ్యకండి అమ్మా. నెల మీటింగు దాకా ఆగనూ వద్దు. ఈ వారంలోనే ఆ సంఘం సభ్యులు పది మందిని మాత్రమే వాళ్ల వీధిలో, వాళ్ల వారపు మీటింగు రోజున కలవండి. మీతో కోశాధికారి ఒక్కరు చాలు, ఎక్కువమంది వెళ్తే దండయాత్రలా కనబడుతుంది. బ్యాంకు నుంచి ఆ రోజు నాటి బకాయి అంకె రాయించుకుని వెళ్లండి. మీ పుస్తకంలో అంకెకీ బ్యాంకు అంకెకీ వడ్డీ తేడా ఉంటుంది, అక్కడ తేడా బయటపడితే మొత్తం మాట చెడుతుంది.

తీర్మానం ఇలా రాయించండి, "త్వరలో కట్టుదురు" అని రాస్తే ఎవరికీ పట్టదు:

"ఫలానా తేదీన 10 మందిలో 9 మంది హాజరు. ఇద్దరు సభ్యుల మూడు నెలల బాకీ ఒక్కొక్కరిది రూ. 5,400. వచ్చే నెల 5వ తేదీ నుంచి ఆరు నెలలు, నెలకు రూ. 2,700 చొప్పున కట్టుటకు ఇద్దరూ ఒప్పుకున్నారు. ఇప్పటి లోటు రూ. 10,800 సంఘం పొదుపు నుంచి సర్ది, ఈ శుక్రవారంలోగా బ్యాంకులో జమ చేయుటకు తీర్మానించడమైనది. జమ చేయు బాధ్యత: మొదటి లీడరు. రసీదు చూపవలసిన తేదీ: సోమవారం."

పేజీ కింద తొమ్మిది సంతకాలూ పడ్డాక, రాని ఆ పదో మనిషి ఇంటికి పుస్తకం పట్టుకెళ్లి చదివి వినిపించి, అదే రోజు ఆవిడ వేలిముద్ర కూడా తీసుకోండి.